అప్రసిద్ధ చిత్ర సంగ్రహ శాస్త్రం: ఫ్రెంచి నేరకాండ

1. అనుబంధ చతుష్టయం

విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటిని ముందుగా నిరూపించని గ్రంథాన్ని పండితులు చేతబట్టరు గనుక, ఈ శాస్త్రాన్ని ఆ నాలుగింటితోనే ఆరంభిస్తున్నాం.

విషయం: ఎక్కువమంది చూడనిది, చూసినవారు మరచినది, మరవనివారు దాచుకున్నది అయిన ఫ్రెంచి నేరచిత్రం. ప్రయోజనం: ఆ చిత్రానికి సంబంధించిన డిస్కో, పోస్టరో, మూలనవలో తన అల్మరాలో ఉండి, తోటివాడి అల్మరాలో లేకపోవడం వల్ల కలిగే నిరతిశయానందం. సంబంధం: సంగ్రాహకుడికీ సంగ్రాహ్య వస్తువుకూ మధ్య ఉండే స్వ-స్వామి భావం. ఈ ఇద్దరిలో ఎవరు స్వామి, ఎవరు సొత్తు అన్నది ఉత్తర ప్రకరణంలో తేలుతుంది.

ఇక అధికారి. వేదాంతికి సాధన చతుష్టయం ఎట్లాగో సంగ్రాహకుడికీ అట్లాగే నాలుగు యోగ్యతలు విధింపబడ్డాయి. ఏ ముద్రణ అంగట్లో ఉన్నదో, ఏది ఆగిపోయినదో ఎరిగిన నిత్యానిత్య వస్తువివేకం మొదటిది. ఊరంతా చూస్తున్న సినిమాల పట్ల వైరాగ్యం రెండవది. విదేశం నుంచి బయలుదేరిన పార్సిలు కస్టమ్స్ వారి దగ్గర నిలిచిపోయినా చలించని శమదమాదులు మూడవది. వేలం ముగిసే ఆఖరి నిమిషంలో కలిగే తీవ్ర ముముక్షుత్వం నాలుగవది. మొదటి మూడూ అభ్యాసం వల్ల సిద్ధిస్తాయి. నాలుగవది పూర్వజన్మ వాసన.

2. పూర్వాచార్య పరంపర

చౌర్యం శాస్త్రమేనన్న విషయంలో మన దేశంలో ఏనాడూ సంశయం లేదు. శూద్రకుడి ‘మృచ్ఛకటికం’ మూడవ అంకంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేయబోతూ, పద్మం, భాస్కరం, బాలచంద్రం, వాపి మొదలైన ఏడు ఆకృతులను తలచి, కాల్చిన ఇటుకల గోడకు పూర్ణకుంభమే శోభిస్తుందని నిర్ణయిస్తాడు. కొలతాడు మరచి వచ్చాడు గనుక యజ్ఞోపవీతంతో కొలుస్తాడు. కన్నానికి సైతం లక్షణం ఉండాలన్న ఈ నిష్ఠే మన పరంపరకు మూలకందం.

దీనికి పారిస్ నగరంలో భాష్యం రచించినవాడు జూల్స్ డాసిన్. హాలీవుడ్ బ్లాక్‌లిస్టు వల్ల స్వదేశంలో పని కరువై ఫ్రాన్సు చేరిన ఆ అమెరికన్ దర్శకుడు 1955లో ‘రిఫిఫి’ తీశాడు. అందులో దొంగలు పై అంతస్తు నేలను తొలిచి నగల దుకాణంలోకి దిగుతారు. రాలే పెళ్ళలు చప్పుడు చేయకుండా, కన్నంలోంచి మూసిన గొడుగు దింపి, కింద దాన్ని విప్పి పెళ్ళలను అందులో పట్టుకుంటారు. సుమారు అరగంటసేపు సాగే ఈ ఘట్టంలో మాట లేదు, సంగీతం లేదు. కనుక ఉపశీర్షికలు లేని డిస్కు కొన్నవాడికీ, ఫ్రెంచి క్షుణ్ణంగా వచ్చినవాడికీ ఈ అరగంట పర్యంతం సమానాధికారం ఉందని శాస్త్రం అంగీకరిస్తుంది. ఆ కన్నం పై ఏడింటిలో వాపి జాతికి చెందుతుందని మా మతం.

సంహితా భాగం విషయానికి వస్తే, 1945లో గాలిమార్ ప్రచురణ సంస్థలో మార్సెల్ డ్యూఆమెల్ ఆరంభించిన ‘సెరి న్వార్’ గ్రంథమాల ఈ శాస్త్రానికి ఆకరం. పేరు సూచించినవాడు కవి జాక్ ప్రెవెర్. నలుపు పసుపుల అట్టలతో, వరుస సంఖ్యలతో వెలువడిన ఈ మాలలో వెయ్యవ సంఖ్య 1966లో జిమ్ థాంప్సన్ నవలకు దక్కింది. పుస్తకానికి వరుస సంఖ్య వేయడం ప్రచురణకర్తకు కేవలం లెక్క. సంగ్రాహకుడికి మాత్రం అది విధివాక్యం. ఒకటవ సంఖ్య, మూడవ సంఖ్య ఉన్నవాడికి రెండవ సంఖ్య కొనకపోతే ప్రత్యవాయం కలుగుతుంది.

సూత్రకారులలో జాఁ పియేర్ మెల్విల్ స్థానం విలక్షణమైనది. ఆయన 1970లో తీసిన ‘ల సెర్క్ల్ రూజ్’ ఆరంభంలో శాక్యముని ఎర్ర సుద్దముక్కతో ఒక వృత్తం గీసి చెప్పినట్టుగా ఒక వాక్యం కనిపిస్తుంది. త్రిపిటకాలు గాలించినా అది దొరకదు. మెల్విలే దాన్ని కల్పించాడు. 1967 నాటి ‘ల సమురాయ్’ ముందున్న బుషిదో వాక్యమూ అటువంటిదే. ప్రమాణం లేనిచోట ప్రమాణాన్ని సృష్టించడం దోషం కాదా అని ఆక్షేపించేవారికి సమాధానం: ఆకరం దొరకని శ్రుతి కూడా ఒకప్పుడు ఉండి లుప్తమైనదని ఊహించుకోవడం మీమాంసకులకు సమ్మతమే.

3. లక్షణ విచారం

సంగ్రాహ్యత్వం నామ అప్రసిద్ధత్వే సతి ప్రాప్యత్వమ్. ఎవరికీ తెలియనిదై ఉండి, ప్రయత్నిస్తే దొరికేదై ఉండటమే సంగ్రహ యోగ్యత అని దీని భావం.

ఈ లక్షణంలోని పదకృత్యం పరిశీలించాలి. ‘అప్రసిద్ధత్వే సతి’ అన్న విశేషణం తీసివేస్తే, ప్రతి దుకాణంలోనూ దొరికే సుప్రసిద్ధ చిత్రాలలో అతివ్యాప్తి కలుగుతుంది. ‘ప్రాప్యత్వం’ తీసివేస్తే, ఒక్క ప్రతి కూడా మిగలకుండా నశించిన చిత్రాల్లో అతివ్యాప్తి కలుగుతుంది. అట్టి చిత్రాన్ని స్మరించవచ్చు గానీ అల్మరాలో పెట్టలేము. రెండు విశేషణాలూ ఉన్నా, పొరుగింటివారి పెళ్ళి వీడియోలో లక్షణం పోయి పడుతున్నదే అని పూర్వపక్షి శంకిస్తాడు. అది అప్రసిద్ధమూ, అడిగితే ఇచ్చేదీ అయినందువల్ల శంక న్యాయమే. కనుక ‘ఫ్రెంచి నేరచిత్రత్వే సతి’ అని మరొక విశేషణం చేర్చుకుంటే లక్షణం నిర్దుష్టమవుతుంది.

4. అప్రసిద్ధి భేదాలు

అప్రసిద్ధి చతుర్విధం: ఛాయాజన్యం, వ్యవహారజన్యం, సంతానజన్యం, గ్రహణజన్యం.

మొదటిది ఛాయాజన్యం. కర్త తన ఇతర కృతుల వల్ల ప్రసిద్ధుడై, ఆ ప్రసిద్ధి నీడలో ఒక కృతి కనపడకుండా పోవడం. మెల్విల్ తానే ప్రధాన పాత్ర ధరించి 1959లో తీసిన ‘దజోమ్ దాఁ మన్‌హట్టన్’ దీనికి ఉదాహరణం. ‘ల సమురాయ్’ చూశానని చెప్పేవాడి ముందు ఈ పేరు ఉచ్చరిస్తే సంభాషణ అక్కడితో ఆగుతుంది. ఆ ఆగిన క్షణమే సంగ్రాహకుడికి దక్షిణ.

రెండవది వ్యవహారజన్యం. నిర్మాతల వారసుల మధ్య, పంపిణీదారుల మధ్య, దేశాల మధ్య హక్కులు చిక్కుపడి చిత్రం విడుదలకు నోచుకోకపోవడం. ఇది న్యాయవాదుల శాస్త్రానికి చేరుతుంది గనుక ఇక్కడ విస్తరించడం లేదు.

మూడవది సంతానజన్యం. తండ్రి కన్నా కొడుకు ప్రసిద్ధుడు కావడం. ధర్మశాస్త్రాలు పుత్రులను ఔరసుడు మొదలుగా పన్నెండు విధాలుగా విభజించాయి. వారిలో వెలయిచ్చి కొన్నవాడు క్రీతుడు. హక్కులు కొని పునర్నిర్మించిన చిత్రాలన్నీ క్రీతపుత్రులే. జెరోమ్ సాల్ 2005లో తీసిన ‘ఆంథొనీ జిమ్మర్’ను ఎవరూ ఎరుగరు. దాని క్రీతపుత్రుడైన హాలీవుడ్ చిత్రం ‘ది టూరిస్ట్’ (2010) ఊరూరా ఆడింది. ఫ్రెడెరిక్ జార్దాఁ 2011లో తీసిన ‘న్వీ బ్లాంష్’ ఒక్క రాత్రిలో, అధికభాగం ఒక నైట్‌క్లబ్బులో జరిగే కథ. 2015లో అది కమల్ హాసన్ కథానాయకుడుగా తమిళంలో ‘తూంగావనం’, తెలుగులో ‘చీకటి రాజ్యం’ అయింది. ‘చీకటి రాజ్యం’ చూసిన తెలుగు ప్రేక్షకుడు ఫ్రెంచి నేరచిత్ర వంశంలో తనకు తెలియకుండానే ప్రవేశించాడు. అట్టివాడికి దీక్ష అక్కరలేదు, పునశ్చరణ చాలు.

హక్కుల ప్రసక్తి లేకుండా పోలిక మాత్రం ఆరోపింపబడిన చోట గూఢోత్పన్న విచారం, అంటే తండ్రి ఎవరో తేలని పుత్రుడి విచారం, వస్తుంది. 2008 నాటి తన ‘లార్గో వించ్’తో 2018 నాటి తెలుగు చిత్రం ‘అజ్ఞాతవాసి’కి పోలికలున్నాయని జెరోమ్ సాల్ బహిరంగంగా అన్నాడు. పితృత్వ నిర్ణయం ఈ శాస్త్ర పరిధిలోనిది కాదు. ఆ వివాదం వల్ల ‘లార్గో వించ్’ పేరు తెలుగునాట వేలమందికి తెలిసిపోయి, సంగ్రహ యోగ్యత కొంత తగ్గిందన్న నష్టాన్ని మాత్రమే శాస్త్రం లెక్కలోకి తీసుకుంటుంది.

నాలుగవది గ్రహణజన్యం. ఇది ఉత్తమోత్తమం. దీనికి ప్రత్యేక ప్రకరణం అవసరం.

5. గ్రహణ ప్రకరణం: ‘క్లాస్ తూ రిస్క్’

క్లోద్ సోతే దర్శకత్వంలో వచ్చిన ‘క్లాస్ తూ రిస్క్’ ఈ శాస్త్రానికి ప్రధాన ఉదాహరణం. ఇంగ్లీషులో దీన్ని ‘ది బిగ్ రిస్క్’ అన్నారు. దీని అప్రసిద్ధికి కారణం గుణలోపం కాదు, జననకాలం.

1960 మార్చి 16న పారిస్‌లో గొదార్ ‘బ్రెత్‌లెస్’ విడుదలైంది. 18న జాక్ బెకర్ ‘ల త్రూ’ విడుదలైంది. చిత్రం విడుదల కాకముందే, ఫిబ్రవరిలో, బెకర్ కన్నుమూశాడు. 23న ‘క్లాస్ తూ రిస్క్’ వచ్చింది. మొదటి చిత్రంలోనూ మూడవ చిత్రంలోనూ జాఁ పోల్ బెల్మొందో ఉన్నాడు. రెండవదానికీ మూడవదానికీ మూలనవలలు జోసె జియోవానివే. కనుక ఈ చిత్రం తన నటుడి చేతనే ఒకవైపు నుంచి, తన నవలాకారుడి చేతనే మరొకవైపు నుంచి వారం రోజుల లోపల గ్రసింపబడింది. రాహుకేతువులిద్దరూ ఇంటివారే కావడం ఈ జాతకంలోని విశేషం. ‘బ్రెత్‌లెస్’ సినిమా వ్యాకరణాన్ని మార్చిందని లోకం కొనియాడుతూ ఉండగా, వ్యాకరణం తప్పకుండా చక్కగా మాట్లాడిన చిత్రాన్ని ఎవరూ వినలేదు.

కథ సంగ్రహంగా: ఆబెల్ దావోస్ ఫ్రాన్సులో మరణశిక్ష పడి, ఇటలీలో తలదాచుకున్న దొంగ. భార్య, ఇద్దరు చిన్న కొడుకులు. చేతిలో డబ్బు అయిపోయి, మిలాన్ వీధిలో మిత్రుడితో కలిసి పట్టపగలు దోపిడీ చేస్తాడు. సముద్రం మీదుగా రాత్రివేళ మాంతోన్ దగ్గర ఒడ్డు చేరగానే కస్టమ్స్ వారు ఎదురై కాల్పులు జరుగుతాయి. భార్య, మిత్రుడు అక్కడే పోతారు. నీస్ నుంచి పారిస్‌లోని పాత స్నేహితులకు కబురు పెడతాడు. ఒకప్పుడు అతని వల్ల బాగుపడ్డ ఆ స్నేహితులు తాము రాకుండా, ముక్కూ మొహం తెలియని ఎరిక్ స్టార్క్ అనే యువకుణ్ణి ఆంబులెన్సు ఇచ్చి పంపుతారు. ఈ యువకుడే బెల్మొందో. దారిలో లిలియాన్ అనే నటి పరిచయమవుతుంది. ఆ పాత్రధారిణి ఇటాలియన్ నటి సాండ్రా మిలో.

ఇందులో రసనిర్ణయం కొంత కష్టం. వీరమని చెప్పబోతే నాయకుడి చేతిలో తుపాకీతోపాటు పిల్లల చేతులు ఉన్నాయి. కరుణమని చెప్పబోతే నాయకుడు మనుషులను చంపినవాడు. ఉపకారం పొందినవారి అపకారమే ఇక్కడ విభావమనీ, ఏ ఉపకారమూ పొందని అపరిచితుడి విశ్వాసమే అనుభావమనీ గ్రహించినవాడికి మాత్రం ఇది మిత్రభేద మిత్రలాభ కథ అని తెలుస్తుంది. మిత్రభేదం పారిస్‌లో, మిత్రలాభం రోడ్డు మీద.

దావోస్ పాత్రకు మూలం ఆబెల్ దానోస్ అనే నిజమైన నేరస్థుడు. జర్మన్ ఆక్రమణకాలంలో గెస్టపోకు పనిచేసి, 1952లో మరణశిక్షకు గురైనవాడు. ఆ గెస్టపో చరిత్రను చిత్రం పూర్తిగా వదిలివేసింది. నవలాకారుడు జియోవాని సైతం 1948లో మరణశిక్ష పడి, తర్వాత అది తగ్గించబడినవాడు. జైలులో దానోస్‌ను ఎరిగినవాడు. జియోవాని యుద్ధకాలపు దుష్కృత్యాలు 1993లో పత్రికలకెక్కాయి. ఆచార్యుడికి శ్రుతం, అనుష్ఠానం రెండూ ఉండాలని పూర్వుల నియమం. ఈ శాస్త్రంలో ఆ రెండవ యోగ్యతను మాత్రం ఆదర్శంగా తీసుకోరాదని ఇందుమూలంగా నిషేధిస్తున్నాం.

దావోస్‌గా నటించిన లినో వెంతూరా పూర్వాశ్రమంలో కుస్తీ యోధుడు. 1954లో బెకర్ తీసిన ‘తుషే పా ఓ గ్రిస్బీ’లో జాఁ గాబేఁ సరసన తెరకు పరిచయమయ్యాడు. ఛాయాగ్రాహకుడు గిస్లాఁ క్లోకే, సంగీతకారుడు జార్జ్ దెలెరూ. దర్శకుడు సోతే తర్వాతి కాలంలో ‘లె షోజ్ ద లా వీ’ (1970), ‘సెజార్ ఎ రోజలీ’ (1972) వంటి మధ్యతరగతి హృదయ వ్యవహారాల చిత్రాలతో పేరుపొందాడు. కనుక గ్రహణానికి తోడు ఛాయాజన్య దోషం కూడా సోకి, అప్రసిద్ధి ద్విగుణీకృతమైంది. ఇట్టి యోగం అరుదు.

మరొక వంశ రహస్యం ఇక్కడే చెప్పాలి. ఈ చిత్రానికి సోతే, జియోవానిలతో కలిసి స్క్రీన్‌ప్లే కూర్చినవాడు పాస్కల్ జార్దాఁ. ఆయన కుమారుడే పై ప్రకరణంలో చెప్పిన ‘న్వీ బ్లాంష్’ దర్శకుడు ఫ్రెడెరిక్ జార్దాఁ. అంటే తండ్రి రచన సంగ్రాహకుల అల్మరాల్లోనూ, కొడుకు కథ ‘చీకటి రాజ్యం’ రూపంలో తెలుగువారి థియేటర్లలోనూ నిలిచాయి. మిలాన్ నుంచి మన ఊళ్ళ దాకా ఇంత నిష్కల్మషమైన గురుపరంపర దొరికిన తర్వాత, ఈ శాస్త్రం మనది కాదనేవారి నోరు మూతపడక తప్పదు.

6. సంగ్రాహ్య వస్తు విభాగం

సంగ్రాహ్య వస్తువులు ప్రధానంగా నాలుగు: గ్రంథం, పటం, ఛాయాచిత్రం, బింబం.

గ్రంథమంటే మూలనవల. సెరి న్వార్‌లో జియోవాని నవల 1958లో వెలువడింది. సెన్ నది గట్టున పాతపుస్తకాలవారి ఆకుపచ్చ పెట్టెలలో అట్టి ప్రతులకై వెదకడం తీర్థయాత్ర. చదివిన ప్రతి కన్నా చదవని ప్రతికి వెల ఎక్కువ. ఇందువల్ల పఠనం గ్రంథానికి హాని అని సిద్ధిస్తున్నది.

పటమంటే పోస్టరు. ఫ్రెంచి పోస్టరులో 120×160 సెంటీమీటర్లది మహాపటం, 60×80 సెంటీమీటర్లది మధ్యమపటం. బెల్జియం పోస్టరు వీటికన్నా చిన్నది, తరచుగా ఫ్రెంచి, డచ్చి భాషలు రెండూ మోస్తుంది. మహాపటాన్ని ఆ కాలంలో మడిచి పంపేవారు గనుక మడతల గుర్తులుంటాయి. మడత గుర్తు దోషమా, గుణమా అన్నది ఒక వాదం. గుడ్డ అతికించి మడత మాపినవారు సంస్కారవాదులు. మడతే జన్మచిహ్నమని, దాన్ని మాపడం కులం దాచుకోవడమని అనేవారు యథాస్థితివాదులు. 120×160 పటాన్ని పరిచే గోడ లేని ఇంట్లో ఈ వాదం ఎన్నటికీ ముగియదు, ఎందుకంటే పటం గొట్టంలోనే ఉంటుంది.

ఛాయాచిత్రమంటే థియేటరు ముందు అంటించే లాబీ ఫోటో. మూలల్లో గుండుసూది రంధ్రాలు ఉంటే అది నిజంగా ప్రదర్శితమైనదనడానికి ఆధారం. రంధ్రాలు లేకపోతే నిష్కళంకమైనది. ఉన్నా గుణమే, లేకున్నా గుణమే. అమ్మేవాడికి ఏది అనుకూలమో అది ఆనాటి సిద్ధాంతం.

బింబమంటే డిస్కు. ఇందులో మూడు దోషాలు జాగ్రత్తగా ఎరగాలి.

ఒకటి, కాలక్షయ దోషం. సినిమా సెకనుకు 24 చట్రాల వేగంతో చిత్రితమైనా, ఐరోపా డీవీడీలలో 25 చట్రాల వేగంతో తిరుగుతుంది. నూరు నిమిషాల చిత్రం తొంభైఆరు నిమిషాల్లో ముగుస్తుంది, శ్రుతి కొద్దిగా పెరుగుతుంది. ఈ లెక్కన ఫ్రెంచి డీవీడీలో ఆబెల్ దావోస్‌కు దక్కిన ఆయుర్దాయం అమెరికన్ డీవీడీలోకన్నా తక్కువ. మరణశిక్ష పడినవాడికి నాలుగు నిమిషాలు కూడా గణనీయమే గనుక కరుణామయులు అమెరికన్ ప్రతినే కొంటారు.

రెండు, భాషాశూన్య దోషం. ఫ్రాన్సులో వెలువడిన అనేక డిస్కులలో ఇంగ్లీషు ఉపశీర్షికలు ఉండవు. ఫ్రెంచి రానివాడికి అప్పుడు చిత్రం నాదమాత్రంగా, అర్థస్పర్శ లేని పరిశుద్ధ స్థితిలో లభిస్తుంది. దీన్ని దోషమని లౌకికులు, అనుగ్రహమని శాస్త్రజ్ఞులు అంటారు.

మూడు, దేశ దోషం. బ్లూ-రే మండలాలలో అమెరికా ఎ, ఫ్రాన్సు బి, భారతదేశం సి. డీవీడీలలో అమెరికా 1, ఫ్రాన్సు 2, భారతదేశం 5. అంటే హైదరాబాదులోనో విజయవాడలోనో ఇక్కడి ప్లేయరుతో ఉన్న సంగ్రాహకుడు ఫ్రెంచి డిస్కు కొన్నా, అమెరికన్ డిస్కు కొన్నా, తాళం వేసిన ముద్రణ అయితే చూడలేడు. అన్ని మండలాలకూ పనిచేసే ప్లేయరు కొని ఈ నియమాన్ని ఉల్లంఘించేవారున్నారు. కానీ చూడటం అనే కల్మషం సోకకుండా కేవలం కలిగి ఉండటం అనే శుద్ధస్థితి తెలుగు దేశంలో అప్రయత్నంగా, యంత్రబద్ధంగా సిద్ధిస్తున్నదని గమనించాలి. పారిస్ సంగ్రాహకుడు ఎంతో తపస్సు చేస్తే గానీ చేరని మెట్టు ఇది.

7. ప్రమాణ విచారం

చిత్రం ఉత్తమమైనదని సంగ్రాహకుడికి ఎట్లా తెలుస్తుంది? ప్రమాణాలు ఆరు.

ప్రత్యక్షం: చిత్రాన్ని చూడటం. ఇది బలహీన ప్రమాణం. చూసినవారు విసుగు చెందిన దృష్టాంతాలున్నాయి. అనుమానం: పోస్టరుపై తుపాకీ, టోపీ, తడిసిన రోడ్డు కనబడితే చిత్రం లోపల నిరాశ ఉందని ఊహించడం. ఉపమానం: ‘మెల్విల్ వంటిదే, కాకపోతే ఇంట్లో పిల్లలున్నారు’ అని తెలుసుకోవడం. శబ్దం: ఆప్తుడైన మరొక సంగ్రాహకుడి మాట. అతడూ చూసి ఉండనవసరం లేదు. అర్థాపత్తి: జీతం వచ్చిన మూడో రోజున జేబు ఖాళీగా ఉంటే, డిస్కు కొన్నాడని తప్ప మరొక విధంగా ఉపపత్తి కుదరదు.

ఆరవది అనుపలబ్ధి. నేలమీద కుండ కనబడకపోవడమే కుండ లేదనడానికి ప్రమాణమని భాట్ట మీమాంసకులు అన్నారు. సంగ్రహ శాస్త్రంలో ఇది మరింత ఎదిగింది. దొరకకపోవడమే గొప్పదనడానికి ప్రమాణం. ఎంత వెదికినా దొరకని చిత్రం ఎంత గొప్పదో, దొరికిన క్షణంలో అంత తగ్గుతుంది. మిగతా ఐదు ప్రమాణాలూ దీనికి పరిచారికలు.

8. మతభేదాలు

ప్లాస్టిక్ కవరు చింపవచ్చునా, చింపరాదా అన్న ప్రశ్నపై నాలుగు మతాలు ప్రబలంగా ఉన్నాయి.

ముద్రారక్షకులు చింపరాదంటారు. కవరు చింపిన డిస్కు వాడిన డిస్కు అవుతుంది, వాడిన డిస్కు సినిమాగా దిగజారుతుంది. ఉద్ఘాటనవాదులు చింపవలసిందేనంటారు. లోపల డిస్కు కాక ఖాళీ డబ్బా ఉంటే ఆజన్మాంతం ఖాళీ డబ్బాను పూజించిన పాపం చుట్టుకుంటుంది. దీనికి ముద్రారక్షకులు, భక్తి ప్రధానం గానీ డబ్బాలోని పదార్థం ప్రధానం కాదని ప్రత్యుత్తరమిస్తారు. ద్వైతులు రెండేసి ప్రతులు కొని, ఒకటి చింపి, ఒకటి దాచి, రెండు మతాలకూ సమన్వయం సాధించారు. వారి మతం నిర్దుష్టమే గానీ వ్యయసాధ్యం. శూన్యవాదులు ఏ ప్రతీ కొనరు. లోకంలో ఉన్న సమస్త ముద్రణల పట్టికను మాత్రం తయారుచేసి, అందులోని దోషాలను ఎదుటివారికి చెబుతారు. మిగతా మూడు మతాలవారూ ఏకాభిప్రాయానికి వచ్చే విషయం ఒక్కటే: శూన్యవాదితో వాదానికి దిగరాదు.

అల్మరాలో అమరిక గురించి కూడా వివాదం ఉంది. దర్శకక్రమవాదులు సోతే పక్కన సోతేనే పెడతారు. కాలక్రమవాదులు 1960 మార్చి చిత్రాలను పక్కపక్కన పెట్టి, గ్రహణాన్ని అల్మరాలోనూ పునరావృతం చేస్తారు. సంఖ్యావాదులు ముద్రాపకుడు డబ్బా వెన్నుమీద వేసిన అంకెనే శిరసావహిస్తారు. అమెరికాలో క్రైటీరియన్ వారు 2008లో ‘క్లాస్ తూ రిస్క్’ డీవీడీని 434వ సంఖ్యతో వెలువరించారు. 433 యుకియో మిషిమా తీసిన ‘పేట్రియాటిజం’, 435 ఆంథొనీ మాన్ తీసిన ‘ది ఫ్యూరీస్’. అందువల్ల సంఖ్యావాది అల్మరాలో ఫ్రెంచి దొంగ ఒక జపాను సైనికుడి ఆత్మాహుతికీ ఒక అమెరికన్ పశువుల ఎస్టేటు తగాదాకూ మధ్య నిలబడతాడు. దీనిలో అర్థం ఏమిటని అడిగినవాడు సంఖ్యావాది కాడు.

9. ధర్మసంకటం, సిద్ధాంతం

ఈ శాస్త్రంలో అత్యంత సూక్ష్మమైన గ్రంథి ఇది. ఇంత మంచి చిత్రం లోకానికి తెలియదే అని సంగ్రాహకుడు దుఃఖిస్తాడు. కనబడిన ప్రతివాడికీ చెబుతాడు. విన్నవాడు ‘నేను చూశాను, బాగుంది’ అంటే మరింత దుఃఖిస్తాడు. చెప్పకుంటే మొదటి దుఃఖం, చెబితే రెండవ దుఃఖం.

ఈ ద్వంద్వానికి ప్రళయరూపం పునరుద్ధరణ. ఏదో ఒక సంస్థ మూల నెగటివును వెలికితీసి, గీతలు తుడిచి, 4కె స్పష్టతతో, నాలుగు భాషల ఉపశీర్షికలతో, అందరికీ అందే వెలలో విడుదల చేస్తుంది. చిత్రాన్ని ప్రేమించినవాడు ఆనాడు పండుగ చేసుకోవాలి. సంగ్రాహకుడు మాత్రం తన పాత ముద్రణ వెల ఎంత పడిపోయిందో చూసుకుంటాడు. ఆ తర్వాత కొత్త ముద్రణ కొంటాడు. పాతది అమ్మడు. పాతదానిలో గీతలు ఉన్నాయి, గీతలు ఇక దొరకవు.

కాబట్టి సిద్ధాంతం ఇది: సంగ్రహింపబడేది చిత్రం కాదు, దాని అప్రసిద్ధి. చిత్రం అప్రసిద్ధికి ఉపాధి మాత్రమే. ఉపాధి నశించినా ఉపహితం నశించదన్నది ఇతర శాస్త్రాల మాట. ఇక్కడ ఉపాధి మెరుగుపడితేనే ఉపహితం నశిస్తుంది. ఆరంభంలో వాయిదా వేసిన స్వ-స్వామి విచారం కూడా దీనితో తేలుతుంది. అల్మరాలోని డిస్కు ఎవరి కోసమూ ఎక్కడికీ కదలదు. డిస్కు కోసం అల్మరాలు, గోడలు, జీతాలు, కొన్నిచోట్ల ఇళ్ళు కదిలాయి. కనుక డిస్కే స్వామి.

10. ఫలశ్రుతి

ఈ శాస్త్రాన్ని శ్రద్ధగా పఠించినవాడు అతివ్యాప్తి లేని చిత్రాలనే కొంటాడు, ఖాళీ డబ్బాల వల్ల వంచితుడు కాడు, మడతల విషయంలో చలించడు, శూన్యవాదితో వాదించడు. విన్నవాడికి అందులో సగం ఫలం.

ఈ గ్రంథం వల్ల ‘క్లాస్ తూ రిస్క్’ పేరు కొత్తగా తెలిసిన పాఠకుల సంఖ్య మేర ఆ చిత్రం అప్రసిద్ధి క్షీణించింది. ఆ నష్టాన్ని పూరించే బాధ్యత పాఠకులదే. కనుక దాన్ని మరొకరికి చెప్పవద్దనీ, ఎవరైనా ఆ పేరు ఎత్తితే ‘బెల్మొందో సినిమా, 1960, అదే కదా బ్రెత్‌లెస్’ అని దారి మళ్ళించవలసిందనీ సవినయంగా ప్రార్థిస్తున్నాం.